బి.ఏ., ఇన్ అబ్సెన్షియా

ఇంగ్లీషు గ్రామర్ పుస్తకాల చివర ఒక పట్టిక ఉంటుంది. లాటిన్ మాటలు, పక్కన వాటి అర్థాలు, ఆ పక్కన ఒక్కో వాక్యంలో వాడుక. తిరుత్తణి బడిలో నేను టీచరుగా ఉన్నన్నాళ్ళూ పిల్లలు చచ్చినా తెరవని పేజీ ఏదంటే అదే. పరీక్షలో రాదని వాళ్ళకు తెలుసు, నాకూ తెలుసు. అయినా మొండిగా ఏటా ఒక పీరియడు దానికి కేటాయించేదాన్ని. వైస్ వెర్సా, బోనఫైడీ, స్టేటస్ కో, అన్నీ గడగడా చెప్పుకుంటూ పోయి 'ఇన్ అబ్సెన్షియా' దగ్గరికి వచ్చేసరికి చాక్‌పీసు కింద పెట్టి, "ఇది మీరే చదువుకోండి" అనేదాన్ని. దానికి కారణం ఉంది. ఆ మాటకు పుస్తకంలో రాసిన అర్థం తప్పు. 'మనిషి ఎదుట లేకుండా' అని ఉంటుంది. సరైన అర్థం చెప్పినవాడు మా నాయన. ఆయనకు ఇంగ్లీషు రాదు.

మాది పళ్ళిపట్టు పక్కన ఒక నేతవాళ్ళ వీధి. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, ఆఫీసుల్లో బిక్కమొహం, ఇదీ మా వీధి భాషాజ్ఞానం. మా నాయన తెలుగు బాగా చదివేవాడు. తమిళం బస్సు బోర్డుల మేరకు వచ్చు. ఇంగ్లీషు కాగితం చేతికిస్తే మాత్రం కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకునేవాడు, చూపు ఆనలేదన్నట్టు. అట్లాంటి మనిషి పట్టుబట్టి నన్ను డెబ్బైల చివర కాలేజీకి పంపాడు. తిరువళ్ళూరులో మా అత్త, అంటే నాయన చెల్లెలు, ఇంట్లో ఉండి రోజూ కరెంటు రైల్లో పట్టాభిరాం దాకా పోయి చదువుకున్నాను. మా వీధిలో అంత దూరం చదువుకు పోయిన ఆడపిల్లను నేనే మొదట. ఆ గర్వం నాకు కొంచెం ఎక్కువగానే ఉండేది, దాచడం ఎందుకు.

రెండో ఏడు ఒక మధ్యాహ్నం కాలేజీ గేటు దగ్గర నలుగురు స్నేహితురాళ్ళతో నిలబడి ఉన్నాను. ఆవడి, అంబత్తూరు పిల్లలు. ఇంగ్లీషులో మొదలుపెట్టి తమిళంలో ముగించే రకం. అప్పుడు వాచ్‌మన్‌తో ఎవరో గట్టిగా మాట్లాడుతున్నట్టు వినబడింది.

"అన్నా, ఎంగ బిడ్డ ఇంగ చదవతాది. యాడుంటాదో కొంచెం సొల్లన్నా."

మా బిడ్డ ఇక్కడ చదువుతోంది, ఎక్కడుంటుందో చెప్పన్నా, అని. తెలుగు కలిసిన ఆ తమిళం మా వీధిది. తల తిప్పి చూద్దును గదా, మా నాయన. నెత్తిన చీరల మూట, మోకాళ్ళ పైకి కట్టిన పంచె, పంచె నిండా గంజి మరకలు, వేళ్ళకు నీలం రంగు. పట్నం కొట్టుకు చీరలు వేయడానికి పోతూ దారిలో దిగాడు. నన్ను చూసి ముఖం ఇంత చేసుకుని గబగబా వచ్చాడు. పక్కనున్న పిల్ల నా మోచేయి పొడిచి, "యారుడీ అదు?" అంది. ఎవరే అది, అని.

"ఎంగ ఊర్‌కారరు" అన్నాను. మా ఊరాయన, అని.

నాయన రెండడుగుల దూరంలో ఉన్నాడు. మూట కింద పెట్టి, అందులోంచి సత్తు డబ్బా తీసి నా చేతికిచ్చి, "నువ్వులుండలు పాపా. మీ నాయన ఇచ్చి రమ్మన్నాడు" అన్నాడు. మళ్ళీ మూట నెత్తికెత్తుకుని స్టేషను వైపు పోయాడు. ఉండలు బాగున్నాయని పిల్లలందరూ తిన్నారు. ఆయన వినలేదు, ఏదో సరదాకు అట్లా అన్నాడు అని నాకు నేనే చెప్పుకున్నాను. మనసుకు సర్దిచెప్పడంలో నాకు ఫస్ట్ క్లాసు రావాలి.

ఆ సంగతి ఇంట్లో ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

బి.ఏ. పాసయ్యాను. తిరువళ్ళూరు అత్త ఊరికి వచ్చి, పట్నంలో పట్టాలిచ్చే పండగ ఒకటి జరుగుతుందనీ, పిల్లలు నల్ల గౌను తొడుక్కుని పోతారనీ, ఆడపిల్లలు లోపల తెల్ల చీర కట్టుకుంటారనీ నాయనతో చెప్పింది. చెప్పి ఆమె పోయింది. మర్నాటికల్లా ఇంట్లో యుద్ధం మొదలైంది.

మా వీధిలో పెళ్ళికాని పిల్లకు ఎవరూ తెల్ల చీర నేయరు. అది ముండమోసినవాళ్ళ బట్ట. నాయన మాత్రం ఒకే ఒక్క తెల్ల చీర కోసం వేరే పడుగు పోయించాడు. ఒక పడుగు మీద నాలుగైదు చీరలు దిగాలి గానీ ఒక్క చీరకు పడుగు పోసేవాణ్ణి వీధి వీధంతా వింతగా చూసింది. మా అవ్వ, అంటే నాయన తల్లి, రాట్నం పక్కకు నెట్టేసి కూర్చుంది.

"పెండ్లి కాని బిడ్డకు తెల్లకోక నేసే మొగోణ్ణి నిన్నే చూసినా. నేను నూలు కండెలు చుట్టను పో."

"అంచుకు పసుపు వేస్తా లేమ్మా. పసుపుంటే మంగళమే గదా."

"పసుపు నీ నెత్తికి పెట్టుకో."

నాయన నూలు పసుపులో ముంచి తనే ఆరబెట్టుకున్నాడు. కండెలు తనే చుట్టుకున్నాడు. వేలెడు వెడల్పు పసుపంచు, మిగతాదంతా పాలనురుగు తెలుపు. ఆ చీర సగం నేత అయ్యేసరికి యూనివర్సిటీ ఫారం వచ్చింది.

ఫారంలో ఒక చోట రెండు మాటలు పక్కపక్కన ఉన్నాయి. ఇన్ పర్సన్, ఇన్ అబ్సెన్షియా. అక్కర్లేనిది కొట్టేయమని కింద చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. మనిషి స్వయంగా పోయి పట్టా పుచ్చుకుంటే మొదటిది, పోకుండా ఇంటికి తెప్పించుకుంటే రెండోది. నా జీవితంలో నాకు ఎదురుపడిన మొదటి లాటిన్ మాట అదే.

మగ్గం గుంటలోంచి నాయన అడిగాడు. "ఏ దినం పాపా ఆ పండగ? నేను ముందు వరసలో కూచుంటా. మీ అవ్వను గూడా పిలుచుకోని పోదాం."

నా కళ్ళ ముందు ఆ హాలు కనబడింది. ఆవడి పిల్ల, అంబత్తూరు పిల్ల, వాళ్ళ ప్యాంటు చొక్కాల తండ్రులు. మధ్యలో మా నాయన, నీలం వేళ్ళతో, "యాడుంది మా బిడ్డ" అని అందరినీ కేకేస్తూ. వాళ్ళకు నేను ఈయన్ను ఎవరని చెప్పి ఉన్నానో గుర్తొచ్చింది. 

"నాకు పోయే పని లేదు నాయనా."

"ఎందుకని?"

"ఏదో పాసైనోళ్ళు పోయి వరసలో నిలబడి తీసుకోవల్ల. బాగా పాసైనోళ్ళకు ఇంటికే పంపిస్తారు. దాన్ని ఇన్ అబ్సెన్షియా అంటారు."

అబద్ధం ఎంత చక్కగా, ఎంత తొణక్కుండా వచ్చిందో నాకే ఆశ్చర్యం. అటూ ఇటూ పోగు తీసుకుపోయే నాడెను నాయన ఆపాడు.

"అంటే నీది పెద్ద పట్టమా?"

"ఆ."

"ఇంకోతూరి చెప్పు ఆ మాట."

చెప్పాను. ఆయన నోట్లో తిప్పుకుంటూ నాలుగైదుసార్లు అనుకున్నాడు. మా లెక్చరరు కంటే బాగా పలికాడు. ఇన్ పర్సన్ అన్న మాటను నేను సిరా పెన్నుతో అడ్డంగా కొట్టేసి ఫారం ఆయన చేతికే ఇచ్చాను, తిరుత్తణికి ఎటూ పోతున్నాడు గదా, పోస్టులో వేస్తాడని. ఇంగ్లీషు రాని మనిషి చేతికి ఇవ్వడం కంటే క్షేమం ఇంకేముంది అనుకున్నాను.

తెల్ల చీర మాత్రం ఆయన ఆపలేదు. పూర్తిగా నేసి, మడతపెట్టి, ఇనప్పెట్టె అడుగున పెట్టాడు. అవ్వ ఆ పెట్టె వైపు చూడడం మానేసింది.

ఇక అక్కణ్ణించి నా పాట్లు. మర్నాడు తెల్లారేసరికి వీధిలో పడుగు సాపుతున్నవాళ్ళందరికీ తెలిసిపోయింది. మా దగ్గర పడుగుకు గంజి పట్టించే పని ఒక ఇంటితో కాదు, వీధంతా చేయి వేయాలి. తెల్లారుజామున వీధి పొడుగునా నూలు సాపి, అటు పదిమంది ఇటు పదిమంది కుంచెలు పట్టుకుని నడుస్తారు. నడిచినంత సేపూ కబుర్లు. ఆ కబుర్లలో పడిన మాట ఇక ఊరంతటిదీ. "మా పాపది మామూలు బి.ఏ. గాదు, ఇన్ అబ్సెన్షియా" అని నాయన ఒక కొసన అంటే, ఇంకో కొసకు చేరేసరికి నన్ను మెచ్చి గవర్నరు గారే ఇంటికి వస్తున్నాడని అయింది. పళ్ళిపట్టు బస్సు కండక్టరు నాకు సీటు చూపించి "అబ్సెన్షియా అమ్మకు చోటివ్వండయ్యా" అన్నాడు. పక్కింటి అక్క వాళ్ళబ్బాయిని లాక్కుని వచ్చింది.

"మావోడు ఎస్సెల్సీ రాస్తా ఉండాడు. వీనికి గూడా అబ్సెన్షియా వస్తాదా పాపా?"

"బాగా చదివితే వస్తుందక్కా" అన్నాను. ఇంకేమని చెడతాను.

పట్టా పోస్టులో గొట్టంలాగా చుట్టి వచ్చింది. నాయన పోస్ట్‌మన్‌ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. అవ్వ హారతి ఇచ్చి, ఆ కాగితం మూలన కుంకుమ బొట్టు పెట్టింది. ఆ బొట్టు ఇప్పటికీ ఉంది. తర్వాత ఉద్యోగం కోసం సర్టిఫికెట్లు చూపించిన ప్రతి ఆఫీసులో ఎవరో ఒకరు దాన్ని గోటితో గీకి చూశారు.

ఆ తర్వాత బోర్డు. పళ్ళిపట్టులో బస్సులకు పేర్లు రాసే పెయింటరును పిలిపించి నల్ల చెక్క మీద తెల్ల ఇంగ్లీషు అక్షరాలతో రాయించాడు. నా పేరు, దాని కింద 'బి.ఏ., ఇన్ అబ్సెన్షియా'. పేరు కంటే ఆ మాటే పెద్దగా ఉంది. బోర్డు గుమ్మం మీద కొట్టేముందు నాయన మేకులు నోట్లో పెట్టుకుని నావైపు తిరిగాడు.

"నాయనా, బి.ఏ. అని ఉంటే చాలదా?" అన్నాను.

మేకులు నోట్లోంచి తీశాడు. "ఎందుకు చాలతాది? కష్టపడి తెచ్చుకున్నావు గదా. వద్దంటే చెప్పు, కొట్టను."

చెప్పడానికి అంతకంటే మంచి సందు దొరకదు. ఆయన సుత్తి పట్టుకుని అట్లాగే చాలాసేపు నిలబడ్డాడు. నేను, "ఊరికే అన్నాను, కొట్టు" అన్నాను.

ఆ బోర్డు కింద నేను రెండేళ్ళు బతికాను. నా భయం ఒక్కటే. నాయనకు ఆ మాట అర్థం ఎవరో ఒకరు చెబుతారు. నేను చెప్పకముందే, నలుగురిలో, నవ్వుతూ చెబుతారు. ప్యాంటు వేసుకున్నవాడు ఎవడు మా వీధిలోకి వచ్చినా నేను గుమ్మం దగ్గరికి పరిగెత్తేదాన్ని. ఒకసారి బడి తనిఖీకి వచ్చిన ఆయన మా ఇంటి ముందు సైకిలు దిగి, బోర్డు చదివి, ఇంకోసారి చదివి, మా నాయనను చూసి, దండం పెట్టి పోయాడు. ఆ మహానుభావుడు ఎవరో గానీ ఆ పూట ఆయన పేరు చెప్పుకుని నేను నిద్రపోయాను. ప్రతి వారం రేపు చెప్పేద్దాం అనుకునేదాన్ని. నాయన కనబడితే ఇంకేదో మాట ఎత్తేదాన్ని.

అంతలో పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకుది తిరుత్తణి. మంచివాడు, ఈ కథలో ఆయనకు పెద్ద పని లేదు. కష్టమంతా ఆయన పెదనాయనతో. ఆయన కోర్టులో గుమాస్తా. ఇంగ్లీషు తెలిసినవాడు, అది తెలుసునని నలుగురికీ తెలియాలనుకునేవాడు. అలాంటి మనిషి చేతికి పెళ్ళి పత్రిక పోతుంది. పత్రికలో నా పేరు కింద ఏం వేయిస్తాడో చెప్పనక్కర్లేదు.

నేను చేయని ప్రయత్నం లేదు. తిరుత్తణి ప్రెస్సులో అంత ఇంగ్లీషు అచ్చులు ఉండవన్నాను. నాయన పోయి అడిగి, ఉన్నాయని చెప్పి వచ్చాడు. మంగళ పత్రికలో లాటిన్ రాయకూడదన్నాను. "ఎవురు చెప్పినారు, మీ అవ్వా?" అన్నాడు. చివరికి, అవతలివాళ్ళు మనం గొప్పలు పోతున్నామనుకుంటారు అన్నాను. "అనుకోనీ. ఇంకేమన్నా చెప్పేది ఉందా?" అని నా ముఖంలోకి చూశాడు. ఇంకేం లేదన్నాను. ఒక్క మాట చెబితే పోయేదానికి ఇన్ని మాటలు చెప్పాను, చదువుకున్నదాన్ని మరి.

పత్రికలు అచ్చయ్యాయి. పంచారు. మూడో రోజు మధ్యాహ్నం పెళ్ళికొడుకు తల్లిదండ్రులూ ఆ కోర్టు పెదనాయనా చీరలు చూసుకునే నెపంతో మా ఇంటికి వచ్చారు. కోర్టాయన తిన్నె మీద కూర్చున్నాడు. చేతిలో పత్రిక. గుమ్మం మీది బోర్డు ఒకసారి, పత్రిక ఒకసారి చూశాడు. వాళ్ళు వచ్చారని ఇరుగుపొరుగు వాళ్ళు కూడా చేరారు. నేను లోపల రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుడుతున్నాను. నా చేతులు చుడుతున్నాయి, నేను చుట్టడం లేదు.

"బావా, ఈ మాట మీరు తెలిసే వేయించినారా?" అన్నాడు కోర్టాయన.

నాయన మగ్గంలోంచే, "ఏ మాట బావా?" అన్నాడు.

"ఇన్ అబ్సెన్షియా. ఇది మా కోర్టులో దినమూ రాస్తా ఉంటాం. ముద్దాయి పరారైపోతే, మనిషి లేకనే కేసు నడిపించి తీర్పు చెప్తారు చూడు, దాన్నంటారు. మా కోడలు ఏం నేరం చేసింది, యాడికి పరారైంది అని మా ఆఫీసులో అడగతా ఉండారు. నేనేం చెప్పేది?"

తిన్నె మీద నవ్వులు. పక్కింటి అక్క అందరికంటే గట్టిగా నవ్వింది, ఏం అర్థమై నవ్విందో ఆమెకే తెలియాలి. నేను రాట్నం ఆపాను. రెండేళ్ళుగా నేను భయపడిన గడియ అదే. లేచి పోయి అందరి ముందూ నేనే చెప్పేయాలనిపించింది. లేవలేదు, తెగిన పోగు ముడివేస్తూ కూర్చున్నాను.

నాయన నాడె పక్కన పెట్టాడు. తొందరపడలేదు.

"కోర్టులో అట్లా రాస్తారేమో నాకు తెలీదు బావా. పట్టం కాడ దాని అర్థం వేరే. ఇన్ అబ్సెన్షియా అంటే, పట్టం ఇచ్చే దినం ఆ బిడ్డ నాయన పోలేదని."

"నాయన పోకుంటే ఏమి, బిడ్డ పోవచ్చును గదా?"

"పోవచ్చు. నాకు మగ్గం మీద పనుండె. నాయన లేకుండా నేను పోను అనేసింది. అంత మాట అన్న బిడ్డ ఎంతమందికి ఉంటాది చెప్పు. దానికే బోర్డు రాయించినా, దానికే కార్డులో వేయించినా."

తిన్నె మీద నవ్వు ఆగింది. పెళ్ళికొడుకు తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కోర్టాయన పత్రికను జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని, "అయితే సరే. ఆఫీసులో అట్లే చెప్తా" అన్నాడు. ఆ తర్వాత చీరలు చూశారు, కాఫీ తాగారు, పోయారు. నేను తల వంచుకుని కాఫీలు ఇచ్చాను. సిగ్గుపడుతున్నానని మెచ్చుకున్నారు. సిగ్గే, కాదనను.

వాళ్ళు వీధి మలుపు తిరిగాక మగ్గం దగ్గరికి పోయి నిలబడ్డాను.

"నాయనా, అదంతా అబద్ధం."

"ఏది? నాదా, నీదా?"

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆయన నవ్వుతున్నాడు.

"నీకెప్పుడు తెలుసు?"

"ఆపొద్దే, ఫారం పోస్టులో వేసిన దినమే. తిరుత్తణి పోస్టాఫీసులో కవరు మీద అడ్రసు రాసిమ్మని ఇస్తి. ఆ పోస్టుమాస్టరు కాగితం తిప్పి చూసి, ఏన్, పొణ్ణు నేర్ల పోగలియా, అన్నాడు. నేరుగా పోవడం లేదా మీ పాప, అని. లేదు సామీ, అంటి."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్తావని చూసినాను. వీధిలో చెప్పినపుడు వద్దంటావనుకుంటి. బోర్డు కాడ చెప్తావనుకుంటి. కార్డు కాడ తప్పకుండా చెప్తావనుకుంటి. ఏం గట్టి గుండెమ్మా నీది."

అంటే రెండేళ్ళు నేను ఆయన్ను ఏమారుస్తున్నానని బతికాను, ఆయన నన్ను ఆడిస్తూ బతికాడు. నాకు సిగ్గుతో పాటు కొంచెం కోపం కూడా వచ్చింది. ఆ కోపం వల్లే ఆ మిగిలిన మాట కూడా బయటికి వచ్చింది.

"ఆపొద్దు కాలేజీ గేటు కాడ..."

"మా ఊరాయన అన్నావు. అందులో తప్పేముంది? నేను మన ఊరోణ్ణే గదా." ఆయన నాడె చేతిలోకి తీసుకున్నాడు. కాసేపు దాని నున్నదనం చూస్తున్నట్టు బొటనవేలితో రుద్దాడు. "కష్టంగా ఉండె పాపా. లేదని చెప్పను. రైలు తప్పిపోయి రెండు గంటలు స్టేషన్లో కూచున్నా. ఇంక వదిలేయి" అన్నాడు.

మళ్ళీ నేత మొదలైంది. నేను రాట్నం దగ్గరికి పోయి ఆ పూట ఆయనకు కావలసినన్ని కండెలు చుట్టాను, ఏడుస్తూనే చుట్టాను. నూలు తడుస్తుందని అవ్వ తిట్టింది.

పెళ్ళయింది. తిరుత్తణి వచ్చేశాను. నాలుగేళ్ళ తర్వాత, ఎనభైల్లో, ఒక బిడ్డ తల్లిని అయ్యాక మా ఆయన ప్రోత్సాహంతో బి.ఎడ్. చదివి పాసయ్యాను. మళ్ళీ అదే ఫారం వచ్చింది. పక్కపక్కన అవే రెండు మాటలు. ఆ ఫారం మడిచి సంచిలో పెట్టుకుని, బిడ్డను చంకనేసుకుని పళ్ళిపట్టు బస్సెక్కాను. నాయనను మగ్గం గుంటలోంచి పైకి పిలిచి పెన్ను చేతికిచ్చాను.

"ఈ రెండిట్లో అక్కర్లేనిది కొట్టెయ్యి నాయనా."

ఆయన కళ్ళజోడు జేబులోంచి తీసి పెట్టుకున్నాడు. ఇంగ్లీషు కాగితం ముందు ఆయన కళ్ళజోడు పెట్టుకోవడం నేను చూసింది అదే మొదటిసారి. బోర్డు మీద రోజూ చూసిన అక్షరాలు గదా, ఆ మాట ఏదో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒకే గీత, నూలు పోగులాగా తిన్నగా గీశాడు.

తెల్ల చీర ఇనప్పెట్టె అడుగునుంచి బయటికి వచ్చింది. మడతల దగ్గర కొంచెం పసుపెక్కింది. పెళ్ళయింది గనుక ఇప్పుడు అవ్వకు అభ్యంతరం లేదు, పైగా ఆమెకు కళ్ళు కూడా సరిగా కనబడటం లేదు. పట్నంలో ఆ రోజు నేను చీర కట్టుకుని దాని మీద నల్ల గౌను తొడుక్కునేసరికి ఇంత పసుపంచు తప్ప ఏమీ కనబడలేదు. నాయన చుట్టూ తిరిగి చూసి, "నా నేతంతా కప్పేసినారే" అని బాధపడ్డాడు.

హాలులో మేం ముందు, వచ్చినవాళ్ళు వెనక. ప్రసంగాలన్నీ ఇంగ్లీషులోనే. సాయంత్రం దాకా కదలకుండా మగ్గం గుంటలో కూర్చునే మనిషికి రెండు గంటలు ఒక లెక్క కాదు, బుద్ధిగా కూర్చున్నాడు. వరసలు వరసలుగా లేచాం, పట్టాలు పుచ్చుకున్నాం. అంతా అయ్యాక వేదిక మీద ఒక పెద్దాయన మళ్ళీ లేచి, ఈరోజు రాలేనివాళ్ళకు కూడా పట్టాలు ఇచ్చినట్టే అని చదవడం మొదలుపెట్టాడు. ఆ చదవడంలో ఆ మాట వచ్చింది. హాలు మూలమూలకూ వినబడేట్టు వచ్చింది. ఇన్ అబ్సెన్షియా.

వెనక కుర్చీ కిర్రుమంది. తల తిప్పి చూశాను. అంత హాలులో ఒక్క మనిషే లేచి నిలబడి ఉన్నాడు. భుజం మీది తుండు తీసి నడుముకు కట్టుకున్నాడు, పెద్దల ముందు నిలబడేటప్పుడు మావాళ్ళు కట్టుకున్నట్టు. చేతులు జోడించి ఉన్నాయి, వేళ్ళు నీలంగా ఉన్నాయి. పక్కాయన కూర్చోమని పంచె పట్టి లాగుతున్నాడు. నాయన కూర్చోలేదు. అటువైపున్న తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఎవరో కిసుక్కున నవ్వారు.

నా పక్కనున్న అమ్మాయి నా మోచేయి పొడిచి, "యారు అదు?" అంది.

నేను జవాబు చెప్పాను. అంత గట్టిగా చెప్పాలనుకోలేదు, వచ్చేసింది. గౌన్లు సర్దే ఆయన వచ్చి నోటి మీద వేలు వేసుకుని నన్ను హెచ్చరించి పోయాడు. వేదిక మీద పెద్దాయన ఒక క్షణం ఆగి, మళ్ళీ చదువుకున్నాడు. అది అయ్యేదాకా నాయన నిలబడే ఉన్నాడు.

బయటికొచ్చి బీచి ఎదురుగా బస్సు కోసం నిలబడ్డాం. గాలికి ఆయన తుండు నిలవడం లేదు.

"ఎందుకు లేచినావు నాయనా?"

"పిలిచినారు గదా. పోయినసారి ఎవురూ పలకలేదు. ఈసారి పలికినా." నా పట్టా గొట్టం ఆయన చంకలో పెట్టుకున్నాడు. "నన్ను చూపించి ఆ పిల్ల ఏందో అడిగిందే నిన్ను. ఏం చెప్పినావు?"

"మా ఊరాయన అని చెప్పినా."

నాయన బస్సు వచ్చే వైపు చూస్తూ, "అబద్ధం. నువ్వు చెప్పింది వెనక వరస దాకా వినబడింది" అన్నాడు.